యూదా ద్రోహం: దైవ నిర్ణయమా, సొంత నేరమా?

నిర్ణయమైన ప్రకారమే తాను వెళ్లిపోతున్నానని, అయినా తనను శత్రువులకు అప్పగించే మనిషికి శ్రమ (దుర్గతి) తప్పదని కడరాత్రి భోజన సమయంలో యేసు అన్నట్లు లూకా సువార్త 22వ అధ్యాయం చెబుతుంది. క్రైస్తవ వేదాంతులను శతాబ్దాలుగా వేధిస్తున్న చిక్కంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. అంతా ముందే నిర్ణయమై ఉంటే, పైగా యేసును అప్పగించిన శిష్యుడు ఇస్కరియోతు యూదాలో సాతాను ప్రవేశించాడని లూకా, యోహాను ఇద్దరూ రాస్తుంటే, అతన్ని దోషిగా నిలబెట్టడం ఏ న్యాయం?

రెండో శతాబ్దంలో సెల్సస్ అనే గ్రీకు తాత్త్వికుడు దీన్ని ఎత్తిపొడుపుగానే అడిగాడు. దేవుడైన యేసే ముందు చెప్పాడంటే అది జరిగి తీరాలి కనుక, తనతో కలిసి తిని తాగిన శిష్యులను ఆయనే చెడగొట్టినట్లు కాదా అన్నది అతని వాదం. సుమారు 248లో క్రైస్తవ వేదాంతి ఓరిగెన్ దీనికి జవాబు రాస్తూ, ముందుగా తెలియడం వల్ల సంఘటన జరగదని, అది జరగబోతున్నది కాబట్టే ముందుగా తెలుస్తుందని అన్నాడు. జవాబు గట్టిదే. అయితే అది తెలియడం గురించే తప్ప, లూకా చెప్పిన నిర్ణయం జోలికి పోదు.

ఆ లోటును కొంత పూడ్చినవాడు ఆ తర్వాతి కాలపు క్రైస్తవ బిషప్ అగస్టీన్. తండ్రి కుమారుణ్ణి అప్పగించాడు, కుమారుడు తనను తాను అప్పగించుకున్నాడు, యూదా కూడా అప్పగించాడు. జరిగిన పని ఒకటే అయినా వారిని నడిపించింది ప్రేమ, ఇతన్ని నడిపించింది ద్రోహబుద్ధి అని ఆయన విడదీశాడు. కాబట్టి తీర్పు ఫలితాన్ని బట్టి కాక ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. దేవుని కరుణ మీద ఆశ వదులుకుని ఉరివేసుకోవడం యూదా నేరాన్ని మరింత పెంచిందని కూడా ఆయన అన్నాడు. మత్తయి సువార్తలో ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చిన యూదా, నిరపరాధ రక్తాన్ని అప్పగించి పాపం చేశానని ఒప్పుకుంటాడే గాని, విధి మీదికో సాతాను మీదికో నెట్టడు. "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అని చేతులు దులుపుకున్నది యాజకులే.

కాథలిక్ సభను ఎదిరించిన సంస్కరణోద్యమ కాలంలో వివాదం మళ్లీ రాజుకుంది. 1524లో పండితుడు ఎరాస్మస్ మనిషి స్వేచ్ఛను సమర్థించగా, మరుసటి ఏడాది ఆ ఉద్యమ నాయకుడు లూథర్ దాన్ని ఖండించాడు. దేవుడు ఎరిగినది జరగక తప్పదని, అయినా యూదాను ఎవరూ బలవంతపెట్టలేదని, అతడు ఇష్టపడే ద్రోహం చేశాడని లూథర్ వాదన. తప్పనిసరికీ బలవంతానికీ గీత గీసిన ఈ తర్కం నిశితమైనదే గాని, మరోలా కోరుకునే వీలే లేనివాడి ఇష్టాన్ని ఇష్టమనవచ్చా అన్న ప్రశ్నను అది దాటలేదు. కాథలిక్ సభ మాత్రం సందిగ్ధానికి తావివ్వలేదు. పౌలును అపొస్తలుడిగా పిలవడం ఎంతగా దేవుని సొంత పనో యూదా ద్రోహం కూడా అంతేనని చెప్పేవారిని 1547 జనవరిలో కాథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభ శాపగ్రస్తులుగా ప్రకటించింది. దేవుడు చెడును జరగనిస్తాడే తప్ప తానుగా చేయడన్నది ఆ సభ పెట్టిన హద్దు.

ఈజిప్టులో దొరికిన, బైబిల్లో చేరని ప్రాచీన గ్రంథం 'యూదా సువార్త' 2006లో అచ్చయినప్పుడు, యూదాకు విముక్తి దొరికిందని కొందరు భావించారు. ఆ పేరున్న గ్రంథాన్ని సుమారు 180లోనే క్రైస్తవ బిషప్ ఇరేనియస్ ఖండించాడు. అయితే యేసు ధరించిన దేహాన్ని బలి ఇచ్చే పాత్రను యూదాకు అప్పగించే ఆ గ్రంథాన్ని నిర్దోషిత్వానికి సాక్ష్యంగా చదవాలా అన్నదానిపై పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు.