పాత స్కాన్ తెచ్చారా?

విశాఖపట్నంలో ఏ క్యాన్సర్ ఆసుపత్రి స్కానింగ్ కౌంటర్ దగ్గర నిలబడినా ముందు చెవిన పడే ప్రశ్న ఇదే. పలాస, పార్వతీపురం, అరకు నుంచి, ఒడిశాలోని కోరాపుట్ నుంచి రైళ్లలో, బస్సుల్లో వచ్చినవాళ్లు చేతిలోని ప్లాస్టిక్ సంచి తెరుస్తారు. రక్తపరీక్షల కాగితాలుంటాయి, బయాప్సీ రిపోర్టు ఉంటుంది, మందుల చీటీలుంటాయి. ఆరు నెలల కిందటి సీడీ మాత్రం ఇంట్లో బీరువాలో ఉండిపోతుంది. "రిపోర్టు కాగితం ఉంది కదండీ, చాలదా?" అంటారు. చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే, క్యాన్సర్ స్కాన్లు చదివే రేడియాలజిస్టు ఆ మసక వెలుతురు గదిలో కూర్చుని అసలేం చేస్తారో తెలియాలి.

మిషను ఫొటో తీస్తుంది, డాక్టరు అందులో గడ్డను వెతుకుతారు అనుకుంటాం. గడ్డను చూడటం ఈ పనిలో చిన్న భాగం. మిగతాదంతా పోల్చడమే. పక్కపక్కనున్న రెండు ఛాయలను, కాంట్రాస్ట్ (బొమ్మలో తేడా తెలియడానికి రక్తనాళంలోకి ఎక్కించే మందు) ఎక్కకముందు బొమ్మను ఎక్కిన తర్వాతి బొమ్మతో, ఇవాళ్టి స్కాన్‌ను మూడు నెలల కిందటిదానితో పోల్చి చూడాలి. పోల్చడానికి రెండోది లేకపోతే మొదటిదాని విలువ సగానికి సగం పడిపోతుంది.

సీటీ తెర మీద ప్రతి చుక్క వెనకా ఒక అంకె ఉంటుంది. 1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగి తలను స్కాన్ చేసిన సీటీ యంత్రాన్ని రూపొందించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే ఆ యూనిట్లను పిలుస్తారు. నీళ్లు 0, గాలి -1000, కొవ్వు -100 దగ్గర, కండ 40 నుంచి 60, గట్టి ఎముకైతే వెయ్యి దాకా పోతుంది. అంకెలు వేలల్లో ఉంటాయి, మన కన్ను విడదీయగల బూడిద ఛాయలు మాత్రం కొన్ని పదులే. అందుకని ఒకే స్కాన్‌ను వేర్వేరు విండోల్లో, అంటే తెరమీద నలుపు నుంచి తెలుపు దాకా చూపే అంకెల పరిధిని మార్చుకుంటూ, తిప్పి చూడాలి. ఊపిరితిత్తులకు వెడల్పు 1500, మధ్య అంకె -600. పొట్టకు 400, 40. ఎముకకు 2000, 400. కాలేయాన్ని పొట్ట విండోలోనే చూసి వదిలేస్తే చిన్న గడ్డ పక్క కణజాలంలో కలిసిపోతుంది. వెడల్పును 150 దాకా బిగిస్తే పది పదిహేను యూనిట్ల తేడా కూడా మచ్చగా బయటపడుతుంది. ఫిల్మ్ మీద అచ్చు వేశాక ఈ తిప్పడం కుదరదు. ఫిల్మ్ ఉన్నా సీడీ కూడా కావాలని అడిగేది అందుకే.

కాంట్రాస్ట్ సంగతి మరీ సున్నితం. మామూలుగా 80 నుంచి 100 మిల్లీలీటర్ల అయోడిన్ మందును సెకనుకు 3, 4 మిల్లీలీటర్ల వేగంతో ఎక్కిస్తారు. దానికి మోచేతి మడతలో ఆకుపచ్చ క్యాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం, 18 గేజ్) గానీ గులాబీది (20 గేజ్) గానీ ఉండాలి. నాలుగైదు కీమోలయ్యాక చేతి రక్తనాళాలు గట్టిపడి ఉంటాయి. సిస్టరు ఎంత వెతికినా చేతి వెనక నీలం క్యాన్యులా (22 గేజ్) తప్ప దొరకదు. దాన్లోంచి మెల్లగా ఎక్కిస్తే పొట్ట స్కాన్ ఎలాగో నెట్టుకురావచ్చు. కాలేయ క్యాన్సర్ ప్రశ్న అయితే మాత్రం ఆ స్కాన్ పనికిరాకపోవచ్చు. కాలేయానికి వచ్చే రక్తంలో ముప్పావు వంతు పోర్టల్ సిర నుంచి వస్తుంది. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్ గడ్డ ఎక్కువగా ధమని రక్తాన్ని లాక్కుంటుంది. అందుకే అది మందు మొదలుపెట్టిన 35-40 సెకన్లకు తెల్లగా వెలిగి, 70 సెకన్లకో మూడు నిమిషాలకో చుట్టూ ఉన్న కాలేయం కన్నా నల్లబడుతుంది. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) ఉన్న మనిషిలో ఈ వెలగడం, ఆరిపోవడం రెండూ స్పష్టంగా కనిపిస్తే చాలాసార్లు సూది పరీక్ష లేకుండానే నిర్ధారించవచ్చు. మొదటి దశ బొమ్మలను, అంటే ధమనిలో మందు ఉండగా తీసేవాటిని, అయిదారు సెకన్లు ముందుగా తీసినా గడ్డ అప్పటికింకా వెలగదు. టైమింగ్ కుదిరిందో లేదో తేల్చుకునే గుర్తు ఒకటుంది. పోర్టల్ సిరలో మందు కొద్దిగా చేరి ఉండాలి, కాలేయం నుంచి బయటికి పోయే సిరల్లో అసలు ఉండకూడదు. గడ్డను చూసేముందు ఈ రెండు సిరలనూ చూడటం మంచి అలవాటు.

చికిత్స మొదలయ్యాక గడ్డ తగ్గిందా, పెరిగిందా అన్నది కంటితో చెప్పేది కాదు. రెసిస్ట్ 1.1 అనే నియమావళి 2009 నుంచి వాడుకలో ఉంది. మొదటి స్కాన్‌లో అయిదుకు మించకుండా, ఒక్కో అవయవంలో రెండుకు మించకుండా గడ్డలను ఎంచుకుంటారు. గడ్డ అయితే పొడవైన కొలత కనీసం 10 మి.మీ. ఉండాలి. లింఫ్ గ్రంథి అయితే పొట్టి కొలత తీసుకోవాలి, అది కనీసం 15 మి.మీ. ఉండాలి. ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. గ్రంథి చిక్కుడు గింజలా ఉంటుంది. ఒకసారి పొడవు, మరోసారి అడ్డం కొలిస్తే మందు పనిచేయకుండానే గ్రంథి "సగమైపోయింది".

ఒక లెక్క చూద్దాం. మొదటి స్కాన్‌లో కాలేయంలో 42, 28 మి.మీ. గడ్డలు రెండు, ఊపిరితిత్తిలో 20 మి.మీ.ది ఒకటి. మొత్తం 90. మూడు కీమోల తర్వాత 28, 18, 14. మొత్తం 60. మూడో వంతు తగ్గింది. కనీసం 30 శాతం తగ్గితే పాక్షిక స్పందన అంటారు, ఇది ఆ కోవలోకి వస్తుంది. తర్వాతి స్కాన్‌లో ఇంకా తగ్గి 24, 15, 11. మొత్తం 50. ఆ తర్వాతిదాంట్లో 31, 18, 12. మొత్తం 61.

ఇంటివాళ్లకు ఇక్కడే గుండె కలుక్కుమంటుంది. "తొంభై నుంచి అరవై ఒకటికి వచ్చింది కదండీ, తగ్గినట్టే కదా!" తొలి అంకెతో చూస్తే నిజమే. కానీ పెరుగుదలను కొలవాల్సింది మొదటి అంకెతో కాదు, అన్నిటికన్నా తక్కువగా నమోదైన అంకెతో. అంటే 50తో. 50 నుంచి 61 అంటే 22 శాతం, 11 మి.మీ. పెరిగింది. కనీసం 20 శాతం, కనీసం 5 మి.మీ., ఈ రెండూ పెరిగితే జబ్బు ముందుకు పోతున్నట్టే. మందు కొన్నాళ్లు పనిచేసి ఇప్పుడు ఆగిపోయింది. ఆ 50 ఉన్న సీడీ బీరువాలో ఉండిపోయి మొదటి సీడీ మాత్రమే చేతికందితే, పనిచేయని కీమోను మరో మూడు నెలలు ఎక్కించే ప్రమాదం ఉంది. "మునుపటి కన్నా తగ్గింది" అని ఒక్క వాక్యం రాసి ఉన్న రిపోర్టు కాగితం ఈ లెక్కకు దేనికీ అక్కరకు రాదు.

అంకెలు కూడా కొన్నిసార్లు మోసం చేస్తాయి. ఇమ్యునోథెరపీలో (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే చికిత్సలో) రోగనిరోధక కణాలు గడ్డలోకి గుమిగూడి అది వాచినట్టు పెరగవచ్చు. అందుకే మొదటిసారి పెరుగుదల కనిపించగానే తీర్పు చెప్పేయకుండా, మనిషి నిలకడగా ఉంటే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ తీసి చూస్తారు. ఎముకలో వ్యాపించిన క్యాన్సర్ మానుతున్నప్పుడు ఆ చోట ఎముక గట్టిపడి తెల్లమచ్చ తేలుతుంది. అంతకుముందు కనపడనిది ఇప్పుడు కనిపించింది కాబట్టి కొత్త మచ్చ అని రాస్తే, పనిచేస్తున్న మందునే ఆపేస్తారు.

ఉత్తరాంధ్ర వరకు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది అడ్డపొగ. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు ఈ తీరం పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరతరాలుగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అడ్డపొగ అంగిలిని ఏం చేస్తుందో వివరించిన అధ్యయనం 1971లోనే వెలువడింది. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకు క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ, చిగురు సందులో పుడుతుంది. అడ్డపొగకు గట్టి అంగిలి మీద పుడుతుంది. వేడీ పొగా నేరుగా తగిలేది అక్కడే కాబట్టి. "చుట్ట తాగుతారా అమ్మా?" అని అడిగి ఊరుకోకుండా "అడ్డపొగా?" అని కూడా అడగాలి. ఆ ఒక్క మాట రిక్వెస్టు ఫారంలో ఉంటే స్కాన్ తీసే తీరే మారుతుంది.

ఎలాగంటే, సీటీ ముక్కలు మామూలుగా అడ్డంగా వస్తాయి. అంగిలి ఎముక కూడా అడ్డంగానే, పల్చటి రేకులా ఉంటుంది. రేకుకు సమాంతరంగా కోస్తే అది తిన్నదో లేదో తెలియదు. నిలువు కోతల్లో, అంటే ముఖాన్ని ఎదురుగా, పక్కగా కోసినట్టు బొమ్మలు తిరిగి కట్టుకుని, ఎముక విండోలో చూడాలి. బుగ్గ క్యాన్సర్‌కు ఇంకో చిట్కా ఉంది. మామూలుగా పడుకుంటే బుగ్గ, చిగురు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ ఏ వైపుదో తేలదు. పెదాలు మూసి, బూర ఊదినట్టు బుగ్గలు ఉబ్బించి ఆ కొద్ది సెకన్లూ అలాగే ఉంచితే మధ్యలో గాలి చేరి రెండూ విడిపోతాయి. టేబుల్ ఎక్కించే ముందే రెండుసార్లు చేయించి చూడాలి. మిషను తిరుగుతుండగా చెబితే భయానికి ఊపిరి వదిలేస్తారు.

అంగిలి క్యాన్సర్‌లో భయపడాల్సిన దారి నరం (రక్తనాళం కాదు, నాడి). అంగిలి వెనక భాగంలోని చిన్న రంధ్రం నుంచి నరం వెంబడి పైకి పాకి, దవడ ఎముక వెనకున్న ఇరుకు సందులోకి, అక్కడి నుంచి మరో రంధ్రం గుండా కపాలంలోకి చేరగలదు. గడ్డ రెండు సెంటీమీటర్లే ఉన్నా ఇది జరగొచ్చు. ఆ సందులో మామూలుగా కొవ్వు నిండి ఉంటుంది, ఎంఆర్‌ఐలో టీ1 అనే రకం బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. కుడి ఎడమలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒకవైపు తెలుపు మాసిపోయి ఉంటే, సర్జన్ కత్తి పట్టేముందే ఆ మాట తెలియాలి.

పెట్-సీటీ గురించి, అంటే రేడియోధార్మిక చక్కెర మందు ఎక్కించి అది ఎక్కడ చేరిందో చూసే స్కాన్ గురించి, రెండు మాటలు. ఫ్లోరిన్-18 కలిపిన చక్కెర మందు ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. ఉదయం 8 గంటలకున్నది 9:50కి సగం, 11:40కి పావు వంతు. ఒకరు ఆలస్యమైతే ఆ మందు దాచి ఉంచేది కాదు. కనీసం 4 నుంచి 6 గంటలు ఖాళీ కడుపుతో రమ్మంటే, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి "టీయే కదా" అని చక్కెర టీ తాగుతారు. అంతే, ఇన్సులిన్ లేచి మందును కండరాల్లోకి తోసేస్తుంది, గడ్డ మసకబారుతుంది. గొంతు క్యాన్సర్ అయితే మందు ఎక్కించాక ఆ గంటసేపు మాట్లాడకూడదు. మాట్లాడితే స్వరపేటిక కండరాలు వెలిగి గడ్డను పోలుతాయి.

పెట్‌లో వెలిగిందంతా క్యాన్సర్ కాదు. క్షయ గ్రంథులు కూడా అంతే బాగా వెలుగుతాయి. మన దగ్గర ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ, ఛాతీలో గ్రంథులు వెలిగితే ఎంత వెలిగిందో చెప్పే అంకె చూసి తీర్పు చెప్పడం ప్రమాదం, ముక్క తీయాల్సిందే. సీటీ సాయంతో సూది పెట్టేముందు ప్లేట్‌లెట్లు 50,000 పైన, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చెప్పే అంకె) 1.5 లోపు ఉన్నాయో లేదో చూస్తారు. రక్తనాళాలు పక్కటెముక కింది అంచున నడుస్తాయి కాబట్టి సూది ఎముక పై అంచును ఆనుకుని వెళ్లాలి. ముక్క బయటికొచ్చాక జరిగే పొరపాటు ఇంకా బాధాకరం. తీసిన ముక్కలన్నీ ఫార్మలిన్ సీసాలో వేసేస్తారు. ఫార్మలిన్ క్షయ క్రిములను చంపేస్తుంది, ఇక కల్చర్ (క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) కుదరదు. ఒక్క ముక్కయినా మామూలు సెలైన్‌లో వేసి విడిగా పంపితే క్యాన్సరా, క్షయా అన్న రెండు ప్రశ్నలకూ ఒకే సూదితో జవాబు దొరుకుతుంది. లేకపోతే ఆ మనిషి మళ్లీ సూదికి రావాలి.

వెతుకుతున్నది దొరకగానే కన్ను ఆగిపోవడం ఈ వృత్తిలో పెద్ద ప్రమాదం. కాలేయంలో నాలుగు గడ్డలు కొలిచాక అలసిన కన్ను వెన్నుపూసలను, ఊపిరితిత్తుల ధమనులను దాటేస్తుంది. క్యాన్సర్ ఉన్నవాళ్లలో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ, మామూలు ఫాలో-అప్ స్కాన్‌లోనే ఊపిరితిత్తి ధమనిలో అడ్డంకి కనిపించవచ్చు. వెన్నుపామును నొక్కుతున్న గడ్డ కూడా అలాంటిదే. వీటిని రిపోర్టులో రాసి ఊరుకోకూడదు. రోగి ఆసుపత్రి గేటు దాటకముందే చికిత్స చేస్తున్న డాక్టరుకు ఫోన్ వెళ్లాలి.

ఇక ఆ ప్లాస్టిక్ సంచి. స్కాన్ తీయించుకున్న ప్రతిసారీ సీడీ అడిగి తీసుకోండి, దాని మీద పేరు, తేదీ రాయించండి. ఇంటికెళ్లేముందే కౌంటర్లోని కంప్యూటర్‌లో అది తెరుచుకుంటోందో లేదో చూడమనండి, ఖాళీ సీడీలు చేతికి రావడం మామూలే. ఫిల్ములను ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, థర్మల్ ఫిల్మ్ వేడికి నల్లబడుతుంది. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికైనా, కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కైనా వెళ్లేటప్పుడు అన్ని సీడీలూ తేదీల వరసలో పెట్టి, స్కాన్ అయ్యాక కాదు, స్కాన్‌కు ముందే కౌంటర్లో ఇవ్వండి. టేబుల్ మీద పడుకునేలోపు పాత బొమ్మలు సిస్టంలోకి ఎక్కితే, ఏ దశలు తీయాలో, ఎక్కడ సన్నటి కోతలు కావాలో రేడియాలజిస్టు అప్పుడే చెప్పగలుగుతారు.