క్యాంపర్‌లో పక్కబట్టలు చలికాలమంతా ఉంచొచ్చా? అపోహలు - వాస్తవాలు

చలికాలం ముందు క్యాంపర్లను, అంటే లోపలే పడుకోవడానికి, వండుకోవడానికి వీలున్న ప్రయాణపు బండ్లను, సిద్ధం చేసి మూసిపెట్టడం, చలి తగ్గాక తెరిచి శుభ్రం చేసి ఇవ్వడం నా పని. నీళ్ల పైపులు గడ్డకట్టకుండా ఏం చేయాలి, బ్యాటరీ ఎలా చూసుకోవాలి అని అందరూ జాగ్రత్తగా అడుగుతారు. పక్కబట్టల గురించి అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. "దుప్పట్లే కదా, మడిచి అల్మరాలో పెట్టేశాం" అంటారు. తీరా నాలుగైదు నెలల తర్వాత తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన గుప్పుమంటుంది. ఆ వాసన ఒకసారి పరుపులోకి దిగిందంటే వదిలించడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే నేను ఎక్కువగా వినే మాటలు ఒక్కొక్కటే తీసుకుని రాస్తున్నాను.

అపోహ: గడ్డకట్టే చలిలో బూజు బతకదు. కాబట్టి పరుపు, దుప్పట్లు బండిలోనే వదిలేయొచ్చు.

వాస్తవం: చలికి బూజు పెరగడం ఆగుతుంది, అంతే. దాని బీజాలు మంచులో కూడా చావకుండా అలాగే పడి ఉంటాయి. కాస్త వెచ్చదనం, కాస్త చెమ్మ దొరికితే మళ్లీ మొదలవుతాయి. చలికాలమంతా ఒకేలా ఉండదు కదా. ఎండ కాసిన మధ్యాహ్నం బండి లోపల వెచ్చబడుతుంది, రాత్రికి మళ్లీ చల్లబడుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. సున్నా డిగ్రీలకు వచ్చేసరికి 5 గ్రాములు కూడా మోయలేదు. పగలు గాలిలో చేరిన ఆవిరి రాత్రి ఎక్కడో ఒకచోట నీళ్లుగా దిగాల్సిందే. అది దిగేది చల్లటి కిటికీ అద్దం మీద, లోహపు ఫ్రేముల మీద, బయటి గోడకు ఆనుకున్న పరుపు అంచు మీద, అన్నిటికంటే ఎక్కువగా పరుపు అడుగున.

ఈ అడుగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఒకసారి ఒక బండి తెరిచాను. పరుపు పైన వేసిన దుప్పటి మడత కూడా నలగలేదు, మచ్చ లేదు. యజమాని చాలా సంతోషపడ్డారు. పరుపు మూల పట్టుకుని ఎత్తి చూపించాను. ప్లైవుడ్‌కు ఆనిన వైపంతా మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. ప్లైవుడ్‌లో గాలి ఆడటానికి అక్కడక్కడా గుండ్రటి రంధ్రాలున్నాయి. సరిగ్గా ఆ రంధ్రాల పైన ఉన్న చోట మాత్రం పరుపు తెల్లగా, నాణెం పెట్టి గీసినంత శుభ్రంగా మిగిలింది. గాలి తగిలిన చోట బూజు లేదు, తగలని చోట ఉంది. బట్ట ఒకటే, చలి ఒకటే, తేడా అంతా గాలిదే.

పరుపును ఇంటికి తీసుకెళ్లలేకపోతే కనీసం గోడకు ఆనకుండా నిలబెట్టండి. నిలబెట్టే చోటు లేకపోతే కింద నాలుగు చెక్క ముక్కలు పెట్టి ఎత్తండి. కుషన్లు కూడా అంతే, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా విడివిడిగా నిలబెట్టాలి. అల్మరా తలుపులు, సొరుగులు, పరుపు కింది పెట్టె మూత అన్నీ తెరిచే ఉంచండి.

అపోహ: ఉతికాం, ఆరేశాం, చేతికి పొడిగానే ఉంది. ఇక చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

వాస్తవం: చేతికి పొడిగా తగిలే బట్టలో కూడా నీళ్లుంటాయి. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు నూలు తన బరువులో సుమారు 8 శాతం, ఉన్ని సుమారు 16 శాతం నీటిని పీల్చి పెట్టుకుంటాయి. అంటే 2 కిలోల ఉన్ని కంబళిలో 300 గ్రాముల నీళ్లు దాగి ఉన్నా మీ చేతికి తెలియదు. గాలి ఇంకా తేమగా ఉంటే ఉన్ని ఇంకా తాగుతుంది, అయినా తడిగా అనిపించదు. పాలియెస్టర్‌లో ఇది 1 శాతం లోపే. అందుకే ఒకే అల్మరాలో పాలియెస్టర్ బొంత బాగుండి, పక్కనే ఉన్న నూలు తువ్వాళ్లకు వాసన రావడం చాలాసార్లు చూశాను.

పక్కబట్టలు సర్దే రోజు వాన పడుతుంటే ఆ పని వాయిదా వేయండి. డ్రయ్యర్‌లోంచి తీసిన బట్టలైతే వేడి పూర్తిగా చల్లారాకే పెట్టెలో పెట్టి మూత వేయండి. వేడిగా ఉన్నప్పుడే మూసేస్తే ఆ ఆవిరి మూతకు చెమటలా పట్టి మళ్లీ బట్టల మీదే పడుతుంది. ఇంకో మాట, ఉతకకుండా దాచొద్దు. దిండు గలేబుకు అంటిన చెమట, తలనూనె ఇవాళ కంటికి కనిపించవు. నెలల తరబడి గాలి తగిలి అవే పసుపు మచ్చలవుతాయి, పురుగులకు ఆహారమూ అవే. గంజి కూడా పెట్టొద్దు. వెండి రంగులో మెరిసే సిల్వర్‌ఫిష్ పురుగులకు పిండి పదార్థమంటే చాలా ఇష్టం.

అపోహ: వ్యాక్యూమ్ సంచిలో పెట్టి గాలి లాగేస్తే ఏ సమస్యా ఉండదు.

వాస్తవం: దుప్పట్లు, గలేబులు, తువ్వాళ్ల వరకు ఫరవాలేదు. అవి నిజంగా పొడిగా ఉంటేనే. లోపల చెమ్మ ఉంటే బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోతుంది. ఈకలు కూరిన దిండ్లు, మెత్తటి బొంతలు మాత్రం నెలల తరబడి నొక్కి ఉంచితే వాటి పొంగు తగ్గిపోతుంది. వెచ్చదనం ఇచ్చేది ఆ పొంగులో నిలిచే గాలే కదా. వాటిని గాలి ఆడే పెద్ద నూలు సంచిలో వదులుగా ఉంచాలి. ఇక ఆ పల్చటి ప్లాస్టిక్ ఎలుక పళ్లకు ఒక లెక్క కాదు.

అపోహ: నాలుగు కలరా ఉండలు, కాస్త పుదీనా నూనె చల్లితే ఎలుకలు రావు.

వాస్తవం: ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ. ఎందుకంటే దీన్ని నమ్మి యజమానులు నిజంగా చేయాల్సిన పని మానేస్తారు. వాసనలు కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. చలిలో గూడు వెతుక్కునే చిట్టెలుక ఆ వాసనకు భయపడి వెనక్కి పోదు. ఒక బండి సొరుగులో కలరా ఉండలు పెట్టిన గుడ్డ మూటనే ఎలుక చింపింది. ఉండలు ఒక పక్కకు దొర్లి ఉన్నాయి, ఆ గుడ్డ పీలికలు, బొంతలోని దూది, టిష్యూ కాగితం కలిపి పిడికిలంత గుండ్రటి గూడు కట్టుకుంది. గూడు లోపల చేయి పెడితే ఉన్నిలా మెత్తగా ఉంది. అంత మెత్తగా చేయడానికి ఆ బొంత మూల మొత్తం ఖర్చయింది.

కలరా ఉండలతో ఇంకో ప్రమాదం ఉంది. అవి బట్టల పురుగుల కోసం, అదీ గాలి చొరని పెట్టెలో వాడటానికి చేసినవి. చిన్న బండిలో బాహాటంగా పెడితే ఆ ఆవిరి పరుపుకు, గోడలకు పట్టేస్తుంది. తర్వాత ఆ పరుపు మీద పడుకునేది మీరు, మీ పిల్లలు. చాలా కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ వల్ల జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా పసిపిల్లలకు, ఎర్ర రక్తకణాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పరుపు దగ్గరికి వాటిని రానివ్వొద్దనే నేను చెబుతాను.

పనికొచ్చేది సందులు మూయడమే. పెన్సిలు పట్టేంత సందు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు, చాలు చిట్టెలుక దూరడానికి. పగలు లోపల దీపాలు ఆర్పి, ఒకరు బండి కింద టార్చి వేస్తుంటే ఇంకొకరు లోపల సింకు కింద, పైపులు దిగే చోట, కరెంటు కేబుల్ వచ్చే చోట వెలుతురు కోసం చూడాలి. దొరికిన ప్రతి సందులో రాగి తీగ జాలీ కూరండి. స్టీలు పీచు కూడా పని చేస్తుంది గానీ తడికి తుప్పు పడుతుంది. స్ప్రే చేసే ఫోమ్ ఒక్కటే నింపితే ఎలుక దాన్ని సులువుగా కొరికేస్తుంది. ఒక్క హెచ్చరిక: గ్యాస్ లీకైతే బయటికి పోవడానికి నేల దగ్గర పెట్టిన వెంట్లను, అంటే గాలి రంధ్రాలను, ఎప్పుడూ మూయొద్దు. వాటికి సన్నటి లోహపు జాలీ ఉందో లేదో మాత్రం చూడండి.

పక్కబట్టలు బండిలోనే ఉండక తప్పదంటే అట్టపెట్టెలు వద్దు. అవి చెమ్మ పీలుస్తాయి, ఎలుకలు కొరుకుతాయి. గట్టి మూత ఉన్న మందపాటి ప్లాస్టిక్ పెట్టె వాడండి, లోహపుదైతే ఇంకా మంచిది. నేలకు, బయటి గోడకు తగలకుండా పెట్టండి.

అపోహ: తేమ పీల్చే డబ్బా ఒకటి పెట్టాం, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: క్యాల్షియం క్లోరైడ్ డబ్బాలు నిజంగానే నీళ్లు లాగుతాయి. కానీ వెంట్ల ద్వారా బయటి గాలి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ డబ్బా కొన్ని వారాల్లో నిండిపోవచ్చు. నిండాక పని ఆగిపోతుంది, ఒలికితే ఆ ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది, బట్ట మీద పడితే ఓ పట్టాన ఆరదు. నెలకోసారి వెళ్లి చూడగలిగితేనే పెట్టండి, అదీ పరుపుకు దూరంగా, వెడల్పాటి పళ్లెంలో. మూత గట్టిగా పడే పెట్టె లోపలికైతే సిలికా జెల్ సంచులు బాగుంటాయి. కరెంటు ఉన్న చోట డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) పెట్టాలనుకుంటే డెసికెంట్ రకం, అంటే తేమ పీల్చే పదార్థంతో పనిచేసేది, తీసుకోండి. ఫ్రిజ్‌లా గాలిని చల్లబరిచి నీళ్లు తీసే కంప్రెసర్ రకం చలిలో సరిగా పనిచేయదు, దాని కాయిల్ మీద మంచు పేరుకుంటుంది.

తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొని లోపల పెట్టండి. తేమ 60 శాతం లోపు ఉంటే బూజు భయం తక్కువ. వేడి చేయని బండిలో, తడి చలికాలంలో ఆ అంకె నిలబెట్టడం చాలా కష్టం. అందుకే నన్ను అడిగితే పక్కబట్టలన్నీ ఇంటికి తీసుకెళ్లిపోవడమే మేలంటాను.

అపోహ: అప్పుడప్పుడు వెళ్లి గ్యాస్ హీటర్ గంటసేపు వేస్తే లోపలంతా ఆరిపోతుంది.

వాస్తవం: పొగ బయటికి పోయే గొట్టం లేని హీటరైతే జరిగేది తలకిందులు. 1 కిలో ప్రొపేన్ కాలితే 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. అదంతా బండిలోనే ఉండి, మీరు తలుపు వేసి వెళ్లాక చల్లటి గోడల మీద దిగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం దీనికి అదనం. ఎండ ఉన్న పొడి రోజు చూసి కిటికీలు, తలుపు అరపూట తెరిచిపెట్టడం దీనికంటే ఎన్నో రెట్లు నయం. బండి మీద టార్పాలిన్ గట్టిగా బిగించి కట్టే అలవాటు కూడా మానండి, గాలి ఆడే కవరే వేయాలి.

పురుగుల గురించి రెండు ముక్కలు. బట్టలు తినే చిమ్మట లార్వాలకు కావలసింది ఉన్ని, పట్టు, ఈకలు. శుభ్రంగా ఉన్న నూలు, పాలియెస్టర్ బట్టల గురించి వాటి భయం అక్కర్లేదు. నల్లులు చలికి చస్తాయనే మాట కూడా సగమే నిజం. మైనస్ 18 డిగ్రీల చలి కనీసం 4 రోజులు ఆగకుండా, బట్ట లోపలి వరకు తగలాలి. పగలు వెచ్చబడే బండిలో దాన్ని నమ్ముకోలేం.

చలి తగ్గాక బండి తెరిచినప్పుడు ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురు పట్టొద్దు, వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టొద్దు. ఆ దుమ్ము పీలిస్తే, ఎలుకల నుంచి మనుషులకు వచ్చే ప్రమాదకరమైన హంటా వైరస్ సోకే అవకాశం ఉంది. ముందు తలుపులన్నీ తెరిచి అరగంట బయటే ఉండండి. గ్లవ్స్ వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి బాగా తడపండి. 5 నిమిషాలు ఆగి కాగితపు టవల్‌తో తుడిచి పారేయండి. ఉతకగలిగిన బట్టలను వేడినీళ్లలో సబ్బుతో ఉతకండి. గూడు కట్టిన బొంతను మాత్రం దాచుకోవద్దు.

మెమరీ ఫోమ్ పరుపు ఉంటే దాన్ని ఆ మొదటి చల్లటి ఉదయమే మడవకండి, వంచకండి. చలికి అది చెక్కలా బిగుసుకుని ఉంటుంది, అప్పుడు వంచితే చిట్లుతుంది. బండి లోపల వెచ్చబడి, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగేవరకు ఆగి అప్పుడు కదపండి.