తప్పు లెక్కకూ ఒక లెక్క ఉంటుంది

హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పే మాలాంటివాళ్లు స్టాఫ్‌రూములో తరచూ అనుకునే మాటలివి.

అపోహ: తప్పు రాశారంటే పాఠం వినలేదని అర్థం.

వాస్తవం: చాలాసార్లు ఆ తప్పు వెనక పిల్లలు గట్టిగా నమ్మిన సూత్రం ఉంటుంది. 0.125, 0.5లలో ఏది పెద్దదని ఆరో తరగతిలో అడగండి. 0.125 అనేవాళ్లు ఉంటారు. 5 కన్నా 125 పెద్దదే కదా! ఈ నమ్మకం ఊరికే రాలేదు. కాటా మీద 1.250 అంటే కిలో రెండువందల యాభై గ్రాములు, బిల్లులో 12.50 అంటే పన్నెండు రూపాయల యాభై పైసలు. పాయింట్ తర్వాత గ్రాములకు మూడంకెలు, పైసలకు రెండంకెలు. అంకెలు సమానంగా ఉన్నంతకాలం ఆ సూత్రానికి ఎక్కడా దెబ్బ తగలదు.

అపోహ: మార్కులు వచ్చాయంటే అర్థమైనట్టే.

వాస్తవం: ప్రశ్న ఎలా ఇచ్చామన్నదే అసలు సంగతి. 0.35, 0.62 ఇస్తే పై సూత్రంతోనే సరైన జవాబు వచ్చేస్తుంది. దీనికి తిరగబడ్డ సూత్రం పట్టుకున్న పిల్లలూ ఉన్నారు: పదో వంతు కన్నా వెయ్యో వంతు చిన్నది, కాబట్టి అంకెలు పెరిగితే సంఖ్య తగ్గుతుందని. 0.125, 0.5 చూసి వాళ్లు 0.5 అంటారు, మనం రైట్ కొట్టేస్తాం. అందుకే పక్కనే 0.3, 0.47 కూడా ఇవ్వాలి. అక్కడ వీళ్లు దొరికిపోతారు. ఇరవై లెక్కల వర్క్‌షీట్ కన్నా ఈ రెండు ప్రశ్నలే నయమంటాను.

అపోహ: సరైన జవాబు బోర్డు మీద రాస్తే తప్పు పోతుంది.

వాస్తవం: రాసుకుంటారు, నమ్మరు. సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం అనుకునే పిల్లలకు భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉందని చెబితే, 'వంగినప్పుడు మనవైపు దగ్గరవుతుంది, అందుకే ఎండ' అని రాస్తారు. పాత నమ్మకం కొత్త పాఠాన్ని మింగేసింది! భూమి సూర్యుడికి ఏ నెలలో దగ్గరగా ఉంటుందో ముందు వాళ్లచేతే ఊహించి రాయించండి. తర్వాత అంకెలు చూపించండి: జనవరి మొదట్లో సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. మరి సంక్రాంతికి చలెందుకు? ఆ గొడవ కాసేపు జరగనివ్వండి. టార్చి వెలుగును చార్టు మీద నిటారుగా, ఏటవాలుగా వేసి, ఏటవాలుగా పడ్డ వెలుగు పరుచుకుని పలచబడుతుందని చూపించాల్సింది అప్పుడే.

అపోహ: తప్పు భావనను మనమే ఎత్తితే అదే నాటుకుంటుంది.

వాస్తవం: ఫలానాది తప్పు అని చెప్పి, ఎందుకు తప్పో వెంటనే వివరించే పాఠాలే బాగా పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది. వివరించకుండా వదిలేస్తే మాత్రం ఆ భయం నిజమే.

అపోహ: ధీమాగా తప్పు చెప్పేవాళ్లను మార్చలేం.

వాస్తవం: జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలతో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ధీమాగా చెప్పిన తప్పులే దిద్దాక ఎక్కువగా సరయ్యాయి. అయితే సరైన జవాబు మరిచిపోతే పాత తప్పు తిరిగొస్తుంది. కాబట్టి వారం తర్వాత మళ్లీ అడగండి, అంకెలు మార్చి.