బూటు మొన దగ్గర మొదలైన తగువు

ఫలితాలు ప్రకటించిన గంటలోపే ఫొటోగ్రఫీ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ప్రశ్న పడుతుంది: "రా ఫైలు చూపిస్తారా?" రా అంటే కెమెరాలోంచి దిద్దుబాటు లేకుండా వచ్చిన మూల ఫైలు. ఫొటో జర్నలిజం విభాగంలో నలుపు తెలుపు బొమ్మకు బహుమతి వచ్చిందంటే ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఈ సీజన్‌లోనూ వచ్చింది, గెలిచిన బొమ్మలోంచి ఏదో చెరిపేశారన్న అనుమానంతో. వాదాలు కూడా పాతవే. తీసినాయన వైపువాళ్లు "పోయింది ఒక కరెంటు తీగ, వార్తకు దానితో పనేంటి?" అంటారు. అవతలివాళ్లు అడిగేది ఒకటే: "తీసేశారా, లేదా?"

ఫొటో జర్నలిజం ఎలా పుట్టింది, చిన్న కెమెరాలు ఎప్పుడొచ్చాయి, పత్రికల్లో బొమ్మలు ఎప్పటినుంచి అచ్చవుతున్నాయి అన్నవి క్లబ్బుల్లో తిరిగేవాళ్లందరికీ తెలుసు. వాటి జోలికి పోనక్కర్లేదు. ఇప్పటి తగువు ముడి విప్పాలంటే 2010 మార్చి దగ్గర ఆగితే చాలు.

ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో స్పోర్ట్స్ ఫీచర్స్ కథనాల విభాగంలో మూడో బహుమతి ఉక్రెయిన్ ఫొటోగ్రాఫర్ స్టెపాన్ రుదిక్‌కు వచ్చింది. కీవ్‌లో కుర్రాళ్ల వీధి పోట్లాటల మీద తీసిన వరస అది. అందులో ఒక బొమ్మలో చేతికి కట్టు కడుతుంటారు. ఫ్రేమంతా ఆ చెయ్యే, ఇసుక చల్లినట్టు ముతక గ్రెయిన్, అంచుల్లో చిక్కటి నలుపు. ఫలితాలు వచ్చాక నిర్వాహకులు రా ఫైళ్లు తెప్పించుకుని చూశారు. మూలం రంగుల బొమ్మ, చాలా విశాలమైన ఫ్రేము, చుట్టూ మనుషులు. రుదిక్ అందులో చిన్న ముక్క ఉంచి మిగతాది కోసేసి (క్రాప్ చేసి), నలుపు తెలుపులోకి మార్చి, అంచులు ముదురు చేశాడు. వీటిలో దేనికీ అనర్హత రాలేదు. వెనకాల నిలబడ్డ మనిషి పాదం కొస, అంటే బూటు మొన, ఒకటి చేతి పక్కన కనిపిస్తోంది, దాన్ని చెరిపేశాడు. అనర్హత దానికి. ఆ పాదం తన బొమ్మకు సంబంధించిందే కాదని, ముఖ్యమైన సమాచారమేదీ తీసేయలేదని రుదిక్ చెప్పుకున్నాడు. నిర్ణయం మారలేదు.

మన క్లబ్బుల్లో ఈ కథను తప్పుగా గుర్తుపెట్టుకున్నవాళ్లే ఎక్కువ. "అంత క్రాప్ చేస్తే కొట్టేశారట", "రంగు తీసేస్తే ఒప్పుకోరట" అని చెప్పుకుంటారు. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఫ్రేములో ముప్పాతిక వంతు కోసెయ్యి, అడగం. మిగిలిన పావులో బూటు మొన చెరిపితే మాత్రం ఇంటికి పో. ఈ గీత వింతగా తోస్తుంది కానీ దాని వెనక లెక్క ఉంది. క్రాప్ అంటే ఫొటోగ్రాఫర్ ఇంకో రెండడుగులు ముందుకేసి తీసినట్టు. కెమెరా ముందు ఉన్నదాన్ని లేదనడం అందులో లేదు. చెరిపిన చోట మాత్రం అక్కడ ఎప్పుడూ లేని నేలనో గోడనో సాఫ్ట్‌వేర్ తెచ్చి అతికిస్తుంది. రెండోది, ఎంత క్రాప్ చేస్తే ఎక్కువో వాదించుకోవచ్చు గానీ చెరిపివేత అలా కాదు, రా ఫైలు పక్కన పెడితే అరనిమిషంలో తేలిపోతుంది. జడ్జీలకు ఆధారం దొరికే నియమమే చివరికి నిలబడింది.

విజయవాడ, హైదరాబాద్ సలాన్లు (పెద్ద ఫొటో పోటీలు) మొదలు ఊళ్లో క్లబ్బు నెలవారీ పోటీ దాకా ఎక్కువమంది వాడుతున్న నిర్వచనం ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికాది, పీఎస్‌ఏది. దాని సారం కూడా ఇదే. బొమ్మ అందం కన్నా అది చెప్పే కథకే మొదటి పీట. క్రాప్ తప్ప మరే పద్ధతిలోనూ ఫ్రేములో ఉన్నదాన్ని తీయకూడదు, కలపకూడదు, జరపకూడదు, మార్చి పెట్టకూడదు. దుమ్ము చుక్కలు, గీతలు, నాయిస్ (డిజిటల్ మచ్చలు) తుడవొచ్చు. దృశ్యం అసలు ఎలా కనిపించిందో ఆ రూపానికి తేవొచ్చు. కనీకనిపించనంత షార్పెనింగ్ చెయ్యొచ్చు. గ్రేస్కేల్, అంటే ఏ రంగు ఛాయా లేని నలుపు తెలుపులోకి మార్చొచ్చు. ఇన్‌ఫ్రారెడ్ కుదరదు. ఫొటో కోసం ఏర్పాటు చేసిన దృశ్యం, డబ్బిచ్చి నిలబెట్టిన మనిషి కుదరవు. ఫొటో టూర్లలో పొద్దున్నే వల విసరడానికి మాట్లాడుకున్న జాలరి ఈ విభాగంలోకి రాడు. వచ్చినా జడ్జికి కొత్త కాదు, అదే పడవ, అదే వల, అదే సూర్యుడు ఇరవైమంది ఎంట్రీల్లో ఉంటాయి.

ఆ జాబితాలో గ్రేస్కేల్ అన్న మాట దగ్గర జారిపోయేవాళ్లు చాలామంది. ఫియాప్ (అంతర్జాతీయ ఫొటోగ్రఫీ కళా సమాఖ్య) మోనోక్రోమ్ నిర్వచనం ప్రకారం బొమ్మ మొత్తానికి ఒకే రంగు టోన్ వేసినా అది నలుపు తెలుపు కిందే లెక్క; కొంత భాగానికే వేస్తే రంగుల బొమ్మ అయిపోతుంది. అందుకని మోనో విభాగంలో సెపియాకు (గోధుమ రంగు టోన్‌కు) ఇబ్బంది లేదు. అదే ఫైలును అలవాటుగా ఫొటో జర్నలిజంలోకీ పంపితే తిప్పికొడతారు. పంపేముందు ఎడిటర్‌లో నాలుగైదు చోట్ల పిక్సెల్ విలువలు చూడండి. ఎరుపు, పచ్చ, నీలం అంకెలు మూడూ ఒకటే ఉండాలి. 128, 128, 128 ఉంటే సరే. 134, 128, 119 ఉంటే మీ ప్రీసెట్ (సాఫ్ట్‌వేర్‌లోని రెడీమేడ్ సెట్టింగ్) చాటుగా వెచ్చటి టోన్ కలిపిందన్నమాట.

చెరిపేవాళ్ల వాదన ఒట్టిదేం కాదు. డార్క్‌రూమ్ రోజులు వాళ్ల మొదటి సాక్ష్యం. అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ 1954లో లైఫ్ పత్రికకు ఆఫ్రికాలో వైద్యం చేసిన ఆల్బర్ట్ ష్వైట్జర్ మీద చేసిన కథనంలో బాగా పేరుపడ్డ బొమ్మ రెండు నెగెటివ్‌ల కలయిక. కింద కుడి మూల కనిపించే రంపం పిడి, చెయ్యి నీడ ఇంకో నెగెటివ్‌వి. అంతటివాడు చేస్తే కళ, మేం తీగ తీస్తే మోసమా అని అడుగుతారు. వాళ్ల రెండో సాక్ష్యం అమెరికాలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ బొమ్మ. 1970 మే 4న కాల్పుల్లో చనిపోయిన విద్యార్థి పక్కన మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తున్న అమ్మాయి, తీసింది జాన్ ఫిలో అనే విద్యార్థి. అమ్మాయి తల మీద మొలిచినట్టు వెనక ఒక కంచె స్తంభం. స్తంభం చెరిపేసిన ప్రతి 1995లో లైఫ్‌లో అచ్చయింది. అయితే ఈ సాక్ష్యం వాళ్ల మీదికే తిరుగుతుంది. 1971లో పులిట్జర్ గెలిచింది స్తంభంతో ఉన్న బొమ్మే. చెరిపిన ప్రతి బయటపడ్డప్పుడు పత్రికలవాళ్లలో పెద్ద గొడవైంది. తల వెనక స్తంభం ఉన్నా ఆ బొమ్మ బలం వీసమెత్తు తగ్గలేదు, తీగ ఉంటే నా బొమ్మ పోతుందనేవాళ్లు ఒకసారి దాన్ని చూడాలి.

నలుపు తెలుపుకు మాత్రమే ఉన్న చిక్కు 2015లో పైకొచ్చింది. ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫొటో చివరి ముందు రౌండ్ దాకా వచ్చిన బొమ్మల్లో దాదాపు ఐదో వంతు పరిశీలనలో ఎగిరిపోయాయి. టోన్‌తో నీడల్లో ముంచి దేన్నైనా మాయం చేస్తే అదీ చెరిపివేతేనా అన్న చర్చ అప్పుడు ముదిరింది. తరవాత రాసుకున్న నియమాల్లో అది స్పష్టంగా చేరింది: గ్రేస్కేల్‌కు మార్చొచ్చు, కానీ డెన్సిటీ (ముదురు లేతలు), కాంట్రాస్ట్ మార్పుల వల్ల వెనక ఉన్న మనుషులు, వస్తువులు కనిపించకుండా పోతే ఒప్పుకోరు. బ్రష్ ముట్టుకోకుండా బూటు మొన తీసే దారి అలా మూసుకుపోయింది. ఇక్కడ క్లోన్ చేయలేదు (పక్క భాగం తెచ్చి అతికించలేదు) కదా, బర్న్ చేశానంతే (ముదురు చేశానంతే) అన్న జవాబు చెల్లదు.

క్లబ్బు హాల్లో ఇది ఇంకోలా కొరుకుతుంది. పాత ప్రొజెక్టర్ నలుపును బూడిదగా చూపిస్తుందని తెలిసి చాలామంది ఇంట్లోనే ఎడిటర్‌లో బ్లాక్స్ కిందికి లాగి నీడల్ని ఇంకా నలుపు చేసేస్తారు. 0 నుంచి 255 కొలమానంలో వెనక నిలబడ్డ మనిషి 5 కో 6 కో దిగిపోతే, జడ్జి దగ్గరున్న మంచి మానిటర్లో మనిషే ఉండడు. రా ఫైల్లో ఉంటాడు. ముఖ్యంకాని వాటిని అణచాలనుకుంటే 18, 20 దగ్గర ఆపండి. చూపు అటు పోదు, మనిషీ పోడు.

ఇక ఏ బొమ్మ పంపాలన్నది. రంగు తీసేస్తే బొమ్మకు గంభీరత దానంతటదే వస్తుందన్న భ్రమ మన దగ్గర గట్టిగా ఉంది. 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటనలో మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ మొహాన్ని రఘు రాయ్ నలుపు తెలుపులో తీశారు, పాబ్లో బార్తలోమ్యూ రంగుల్లో తీశారు. ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి రంగుల దానికే వచ్చింది. నలుపు తెలుపుదాన్నీ దేశం మరిచిపోలేదు. రెండింటినీ మోసింది ఆ బిడ్డ మొహమే.

రంగు తీసేయడం నిజంగా పనికొచ్చేది, రంగు కథకు అడ్డం పడినప్పుడు. కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవం (కర్రల సమరం) మంచి ఉదాహరణ. కాగడాల నారింజ వెలుగు ఒకవైపు, ఎల్‌ఈడీ దీపాల నీలం తెలుపు ఇంకోవైపు. ఒకే మొహం సగం ఎర్రగా, సగం నీలంగా పడుతుంది, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఎటు తిప్పినా కుదరదు. నలుపు తెలుపులో ఆ బాధ పోయి కర్రలు, చేతులు, తలగుడ్డలు మిగులుతాయి. అక్కడ చీకట్లో వాడే ఐఎస్ఓ 6400 (సెన్సర్ సున్నితత్వం) మీద వచ్చే రంగు మచ్చల నాయిస్ కూడా గ్రెయిన్‌లా సర్దుకుంటుంది. అయితే ఫైల్లో కాగడా మంట వివరం లేకుండా తెల్లబారి ఉంటే అది తెల్లటి రంధ్రమే, నలుపు తెలుపు దాన్ని కాపాడదు. తీసేటప్పుడే వెలుగు ఒక స్టాప్ తక్కువ, అంటే సగమే, ఇవ్వాలి.

బోనాల బొమ్మలకు ఇది తలకిందులు. కుంకుమ ఎరుపు, వేపాకు పచ్చ మన కంటికి ఆమడ దూరం, గ్రేస్కేల్‌లో దాదాపు పక్కపక్కనే. బోనం కుండ, దాని మీద వేపమండలు, వెనక ఎర్రచీర అన్నీ ఒకే బూడిదలో అతుక్కుపోతాయి. విడదీయాలని ఎడిటర్‌లో పచ్చ స్లైడర్ (ఆ రంగు ఎంత వెలగాలో చెప్పే మీట) దించుతాం, ఎరుపు పెంచుతాం. అక్కడే ప్రమాదం. ఎరుపు బాగా పెంచామంటే మొహం వెలుగుతుంది, చర్మం నునుపవుతుంది, నుదుటి మీద కుంకుమ బొట్టు చర్మంలో కలిసిపోతుంది. బోనమెత్తిన ఆడమనిషి మొహాన బొట్టు లేకుండా చేసిన బొమ్మ మన ఊళ్లో ఏం చెబుతుందో వేరే చెప్పాలా? బ్రష్ వాడలేదు, క్లోన్ లేదు, నియమాల పుస్తకంలో ఏ వాక్యమూ నేరుగా తగలకపోవచ్చు. తెలుగు జడ్జి అయితే ఆగిపోతాడు. మొహం వెలగాలంటే నారింజ స్లైడర్ పెంచండి, ఎరుపును సున్నా దగ్గరే వదిలేయండి. పోతురాజు ఒంటి పసుపు తెల్లగా పాలిపోతే పసుపు స్లైడర్‌ను కాస్త దించితే చర్మం గరుకు తిరిగొస్తుంది.

తీగ సంగతికి వద్దాం. క్రాప్‌కు భయపడాల్సిన పని లేదని లెక్కే చెబుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫైలు 6000 × 4000. పొడవు, ఎత్తుల్లో మూడో వంతు చొప్పున కోసేసినా 4000 × 2667 మిగులుతుంది. తెర మీద 1920 × 1080కి అది రెట్టింపు కన్నా ఎక్కువ. 12 × 18 అంగుళాల ప్రింటుకు కూడా అంగుళానికి 200 పిక్సెళ్ల పైనే వస్తాయి. తీగ అంచులో ఉంటే కోసేయండి. మధ్యలోంచి పోతుంటే ఉండనివ్వండి, లేదా ఆ వరసలో ముందు వెనకల ఫ్రేములు తీసి చూడండి. అరసెకను తేడాలో తల తీగకు తప్పుకున్నది ఒకటి తరచూ దొరుకుతుంది. అదీ లేకపోతే ఆ బొమ్మను ఓపెన్ మోనోక్రోమ్‌కు పంపుకోవచ్చు, అక్కడ చెరిపినా అడ్డు లేదు. కాకపోతే చెరిపిన ప్రతిని ఒకచోట, చెరపనిదాన్ని ఇంకోచోట తిప్పితే రెండూ కలిసి మీ మీదే సాక్ష్యం చెబుతాయి.

శీర్షిక దగ్గర కూడా మార్కులు రాలిపోతాయి. "కన్నీటి కడలి" అని పెడితే జడ్జికి ఏం తెలిసింది? "బన్ని రాత్రి గాయపడ్డ యువకుడికి కట్టు" అంటే బొమ్మ చూసే ఆ కొద్ది సెకన్లలో పని జరుగుతుంది.

ఈసారి గొడవలో కొత్తగా చేరింది ఫోన్. గ్యాలరీలో బొమ్మ తెరిస్తే చాలు, వెనకాల మనుషుల్ని తీసెయ్యమంటారా అని అదే అడుగుతుంది, వేలితో ఒక్క తాకు, వెనక గోడ కొత్తగా మొలుస్తుంది. చేసినాయనకు చెరిపానన్న స్పృహ కూడా ఉండదు. చాలామంది ఫోన్లో రా తీయరు కాబట్టి రేపు అడిగినప్పుడు చూపడానికీ ఏమీ ఉండదు. వరల్డ్ ప్రెస్ ఫొటో దీనికో ఏర్పాటు పెట్టుకుంది: రా లేకపోతే ఎంట్రీకి ముందు తీసిన మూడు, తరవాత తీసిన మూడు జేపెగ్‌లు ఎడిట్ చేయకుండా చూపాలి. క్లబ్బులూ ఇదే అడగడం మొదలుపెడితే, ఒక్క ఫ్రేము నచ్చిందని మిగతావన్నీ డిలీట్ చేసే అలవాటున్నవాళ్లు ముందు ఇరుక్కుంటారు. అభ్యంతరాల గడువు దాటేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి, ఫోన్ ట్రాష్ ఖాళీ చేయకండి.