55, 58, 61: దక్షిణ తెలంగాణలో రిటైర్మెంటు వయసు వెనక కథ

ఉద్యోగం ఎప్పుడు మానాలి, పెన్షన్ ఎప్పటి నుంచి తీసుకోవాలి? నల్లగొండ జిల్లా పరిషత్ పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయుడికి ఈ ప్రశ్న ఒకలా ఎదురవుతుంది. మహబూబ్‌నగర్ డిపో కండక్టరుకు, మఠంపల్లి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుడికి ఇంకోలా ఎదురవుతుంది. నారాయణపేట నుంచి ముంబైకి, పుణెకు వలస పోయి మేస్త్రీ పనిచేసినవాడికైతే పూర్తిగా వేరు. ఒకరి నిబంధనలు ఇంకొకరికి వర్తించవు. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: ఆ వయసును నిర్ణయించింది వాళ్లు కాదు. ఖజానా పరిస్థితి, ఎన్నికల హామీలు, కోర్టు తీర్పులు కలిసి దాన్ని పెంచుతూ తగ్గిస్తూ వచ్చాయి. మనిషి చేతిలో మిగిలింది చిన్న చిన్న వెసులుబాట్లే. వాటినైనా సరిగా వాడుకోవాలంటే అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలి.

ముందు ప్రభుత్వ ఉద్యోగుల సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1979 అక్టోబరు దాకా పదవీ విరమణ వయసు 55 ఏళ్లు. మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా దాన్ని 58కి పెంచారు. ఆ పెంపును నమ్ముకుని ఉద్యోగులు ఇళ్ల అప్పులు, పిల్లల చదువులు సర్దుకుంటున్న సమయంలో, 1983 జనవరిలో ఎన్.టి. రామారావు అధికారంలోకి వచ్చారు. నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 8న, 58ని మళ్లీ 55కు తగ్గిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. ఆ నెల 28 నాటికి 55 నిండినవారంతా ఇంటికి వెళ్లాల్సిందే. నిరుద్యోగ యువతకు దారి ఇవ్వాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కారణం మంచిదే కావచ్చు. కానీ ఇంకా మూడేళ్ల జీతం వస్తుందని లెక్క వేసుకుని కూతురి పెళ్లి కుదుర్చుకున్న గుమాస్తాకు ఇరవై రోజుల గడువిచ్చి వెళ్లమనడం అన్యాయం. అప్పుడు ఒక్కసారిగా వేలమంది ఉద్యోగాలు వదిలారు.

కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. వయసు ఎంత ఉండాలన్నది ప్రభుత్వ విధాన నిర్ణయమని, తగ్గించడం రాజ్యాంగ విరుద్ధం కాదని 1985 జనవరిలో తీర్పు వచ్చింది. ఆ తీర్పు వచ్చేలోపే రాజకీయం మారి, మళ్లీ మారింది. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రిగా ఉన్న నెల రోజుల్లోనే 58ని పునరుద్ధరిస్తూ ఆర్డినెన్సు వెలువడింది. ఎన్టీఆర్ తిరిగి వచ్చాక కూడా ఆ 58 అలాగే నిలిచింది. మధ్యలో ఇంటికి పంపినవారి గతి ఏమిటి? 1983 ఫిబ్రవరి 28 నుంచి 1984 ఆగస్టు 23 మధ్య 55కు దిగిపోయినవారు మళ్లీ కోర్టుకెక్కారు. 1985 ఆగస్టులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి రాసిన తీర్పు వారికి అండగా నిలిచింది. ఇంకా 58 నిండనివారిని తిరిగి విధుల్లోకి తీసుకోవాలని, నిండిపోయినవారికి పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఒక తేదీకి ఇటువైపు పుట్టినందుకు ఒకరికి లాభం, అటువైపు పుట్టినందుకు ఇంకొకరికి నష్టం కలగకూడదన్న వాదన అప్పుడు గెలిచింది. తర్వాతి రోజుల్లో ఆ వాదన ప్రతిసారీ గెలవలేదు.

1984లోనే ఇంకో మార్పు జరిగింది. సర్వీసు రిజిస్టరులో ఒకసారి నమోదైన పుట్టిన తేదీని, రాతపొరపాటైతే తప్ప, మార్చడానికి వీల్లేకుండా నిబంధనలు వచ్చాయి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో మొదటిసారి బడికి వెళ్లిన తరం వారికి పుట్టిన తేదీ రాసే అలవాటే లేదు. పిల్లవాడిని చేర్పించడానికి తండ్రి వస్తే, ఆ యేడు కరువా, వానలా అని అడిగి ప్రధానోపాధ్యాయుడు అంచనాగా ఒక తేదీ వేసేవాడు. ఆ అంచనాయే పదో తరగతి మెమోలోకి, అక్కణ్నుంచి సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. నెల చివరి రోజున రిటైర్ కావడం నియమం కాబట్టి, ఒకటో తారీఖున పుట్టినట్టు రాసుకున్నవారు అంతకుముందు నెల చివరనే దిగిపోతారు. జూలై 1 అని రాసి ఉంటే జూన్ 30నే వీడ్కోలు సభ. పంతులు ఒక గీత అటూఇటూ వేస్తే ఒక నెల జీతం మారిపోతుంది.

రాష్ట్రం విడిపోయిన 2014 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగుల విరమణ వయసును 60 చేసింది. తెలంగాణ 58 దగ్గరే ఉండిపోయింది. తుంగభద్రకు ఈవల అలంపూర్‌లో పనిచేసే ఉద్యోగి 58కి దిగిపోతుంటే, ఆవల కర్నూలులో అదే హోదాలో ఉన్నవాడు ఇంకో రెండేళ్లు ఉండేవాడు. ఆ పోలిక ఉద్యోగ సంఘాల నోళ్లలో చాలాకాలం నానింది. 2018 ఎన్నికల్లో 61 హామీ వచ్చింది. బిస్వాల్ నేతృత్వంలోని వేతన సవరణ సంఘం 60 సరిపోతుందని సిఫార్సు చేసింది. 2021 మార్చి 22న అసెంబ్లీలో ముఖ్యమంత్రి కేసీఆర్ 30 శాతం ఫిట్‌మెంటుతో (జీతాల పెంపుతో) పాటు 61 ఏళ్లను ప్రకటించారు. అది మార్చి 30 నుంచి అమల్లోకి వచ్చింది. మార్చి 31న దిగిపోవాల్సినవారికి మూడేళ్లు కలిశాయి. ఫిబ్రవరి 28న దిగిపోయినవారికి ఏమీ లేదు. ఒకే బడిలో, ఒకే స్టాఫ్ రూములో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య నెల రోజుల తేడా మూడేళ్ల సర్వీసుగా మారింది. ఏడాది తిరగకముందే, 2022 జనవరిలో, ఆంధ్రప్రదేశ్ 62కి వెళ్లింది.

ఈ పెంపును ఉద్యోగికి చేసిన మేలుగానే చెప్పుకున్నారు. మేలు జరిగిన మాట నిజం. అయితే ఖజానా వైపు నుంచి కూడా చూడాలి. ఒక ఉద్యోగి రిటైర్ అయితే ప్రభుత్వం గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ముందుగా ఇచ్చే మొత్తం), సెలవుల నగదు, జీపీఎఫ్ (జీతంలోంచి దాచుకున్న భవిష్య నిధి) ఒకేసారి చెల్లించాలి. 2021 వేతన సవరణ (పీఆర్సీ)తో గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితే 12 లక్షల నుంచి 16 లక్షలకు పెరిగింది. మూడేళ్లపాటు విరమణలు దాదాపు ఆగిపోవడంతో ఆ చెల్లింపులూ ఆగాయి, పోస్టులూ ఖాళీ కాలేదు. గ్రూప్ పరీక్షలకు, డీఎస్సీకి కోచింగ్ తీసుకుంటూ నల్లగొండ, మహబూబ్‌నగర్ గదుల్లో ఉన్న పిల్లలకు ఆ మూడేళ్లు ఎంత భారమో వాళ్ల తల్లిదండ్రులకు తెలుసు. 2024 మార్చి నుంచి విరమణలు మళ్లీ మొదలయ్యాయి. వాయిదా పడిన బిల్లు ఒకేసారి ముందుకొచ్చింది. రిటైరైనవారు గ్రాట్యుటీ కోసం, దాచుకున్న జీపీఎఫ్ కోసం నెలల తరబడి ఎదురుచూడటం, ధర్నాలు చేయడం, హైకోర్టుకు వెళ్లడం అప్పటి నుంచి మామూలైపోయింది. పెన్షన్ దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏటా ఆ రోజున పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. సొంత జీపీఎఫ్ డబ్బు కోసం 61 ఏళ్ల మనిషి రోడ్డు మీద కూర్చోవాల్సి రావడం ఆ తీర్పుకు అవమానమే.

అందుకే ఇప్పుడు స్వచ్ఛంద పదవీ విరమణ గురించి ఆలోచించే ఉద్యోగి పాత లెక్క ఒక్కటే వేసుకుంటే చాలదు. 20 ఏళ్ల సర్వీసు నిండితే ముందుగా దిగిపోయే వీలుంది. పూర్తి పెన్షన్, అంటే చివరి మూలవేతనంలో సగం, రావాలంటే 33 ఏళ్ల అర్హ సర్వీసు ఉండాలి. తగ్గిన మేరకు పెన్షన్ తగ్గుతుంది. దానికి తోడు, ఒకేసారి రావాల్సిన డబ్బు చేతికి అందేదాకా ఇల్లు ఎలా నడుస్తుందన్న లెక్క కూడా కలుపుకోవాలి. ఇదంతా 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారి మాట. ఆ తేదీ తర్వాత చేరినవారిది కంట్రిబ్యూటరీ పెన్షన్. నెలనెలా కట్టిన సొమ్ము మార్కెట్లో పెరిగినంతే వారికి దక్కుతుంది. 61కి దిగిపోతే కనీసం 40 శాతం సొమ్మును నెలసరి పెన్షన్ ఇచ్చే పథకంలో పెట్టాలి. అదే ముందుగా మానేస్తే 80 శాతం పెట్టాలి. వీళ్లకు ముందుగా దిగిపోవడం దాదాపు మూసిన తలుపు. 2003 డీఎస్సీ నోటిఫికేషన్‌తో ఎంపికై, నియామకం ఆలస్యమై ఈ గీతకు అవతల పడిన ఉపాధ్యాయులు పాత పెన్షన్ కోసం ఇప్పటికీ పోరాడుతూనే ఉన్నారు.

నిజంగా మనిషి చేతిలో నిర్ణయం ఉన్నది పీఎఫ్ పెన్షన్‌లోనే. ఆర్టీసీ ఉద్యోగులు, కృష్ణా తీరంలోని సిమెంటు ఫ్యాక్టరీల కార్మికులు, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో పీఎఫ్ ఉన్నవారు దీని కిందికి వస్తారు. 1995 నవంబరు 16న మొదలైన ఈ పథకంలో పదేళ్ల సర్వీసు ఉంటే 58కి పెన్షన్ వస్తుంది. 50 నిండితే ముందుగానూ తీసుకోవచ్చు, కానీ ముందుకు జరిగిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత పడుతుంది. 2016 నుంచి 58 తర్వాత 60 దాకా ఆపుకునే వీలు కూడా వచ్చింది. ఆపిన ప్రతి ఏడాదికీ 4 శాతం కలుస్తుంది.

2019 సమ్మె ముగిశాక ఆర్టీసీలో విరమణ వయసు 58 నుంచి 60కి పెరిగింది. పీఎఫ్ పెన్షన్ వయసు మాత్రం 58 దగ్గరే ఉంది. కాబట్టి 58 నిండిన డ్రైవరు స్టీరింగ్ పట్టుకుని ఉండగానే అతని ముందు ఈ ప్రశ్న నిలుస్తుంది: పెన్షన్ ఇప్పుడే మొదలుపెట్టాలా, రెండేళ్లు ఆపాలా?

లెక్క వేసి చూద్దాం. 1996లో 28 ఏళ్ల వయసులో చేరిన కండక్టరు 2026లో 58కి చేరాడనుకుందాం. పెన్షన్ సూత్రం ప్రకారం జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. కానీ లెక్కలోకి వచ్చేది అసలు జీతం కాదు, పరిమితి ప్రకారం ఉన్న జీతం. 2014 ఆగస్టు దాకా సర్వీసుకు నెలకు 6,500, ఆ తర్వాతి దానికి 15,000. 20 ఏళ్లు దాటిన సర్వీసుకు రెండేళ్లు అదనంగా కలుస్తాయి. ఇవన్నీ కలిపినా వచ్చేది నాలుగున్నర వేల దరిదాపు. ముప్పై ఏళ్లు బస్సులో నిలబడినందుకు ఇదీ పెన్షన్. అదే మనిషి 2018లో, 50కే అడిగి ఉంటే కోతలు పోను రెండు వేల చుట్టూ ఆగేది. అది జీవితాంతం ఉండిపోయే కోత. 58 వచ్చినా తిరిగి పెరగదు.

ఇక 60 దాకా ఆపితే? నెలకు 4,500 చొప్పున రెండేళ్లలో వదులుకునేది 1,08,000 రూపాయలు. చందా కట్టకుండా ఆపితే పెరిగేది నెలకు సుమారు 367. వదులుకున్నది తిరిగి రావడానికి ఇరవై నాలుగేళ్లకు పైగా పడుతుంది, అంటే 84 దాటాలి. ఆ రెండేళ్లు కూడా పెన్షన్ ఫండుకు చందా కొనసాగిస్తే సర్వీసు కూడా కలిసి పెంపు 830 దాకా ఉంటుంది. అప్పుడు పీఎఫ్ ఖాతాకు రావాల్సిన నెలకు 1,250 అటు పోతుంది. అన్నీ లెక్కిస్తే 74 దాటాక లాభం మొదలవుతుంది. ఆరోగ్యం గట్టిగా ఉండి, జీతంతో ఇల్లు గడుస్తుంటే రెండోది ఆలోచించదగ్గదే. బీపీ, షుగరు, నడుం నొప్పితో డ్యూటీ చేస్తున్నవారు 58కే మొదలుపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఈ పెన్షన్‌కు కరువు భత్యం లేదు. ఈ రోజు చేతికొచ్చే రూపాయి విలువ పదిహేనేళ్ల తర్వాత వచ్చే రూపాయికి ఉండదు.

కాంట్రాక్టు కార్మికుడి కష్టం ఇంకో రకం. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు వచ్చేది. 2014లో యూఏఎన్ (ఎన్ని చోట్ల పనిచేసినా మారని ఒకే పీఎఫ్ నంబరు) వచ్చేదాకా ఒకే మనిషికి నాలుగైదు ఖాతాలు ఉండటం సాధారణం. పని మారినప్పుడల్లా ఫారం 10సీ పెట్టి పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటే అప్పటిదాకా ఉన్న సర్వీసు చెరిగిపోతుంది. తొమ్మిదేళ్ల దగ్గర అలా తీసుకున్నవాడు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే సర్వీసు నిలుస్తుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఈ మాట చెప్పేవారు తక్కువ.

మిగిలింది ఏ యజమాని పుస్తకంలోనూ పేరు లేని మనిషి. కేంద్రం 1995 ఆగస్టులో 65 నిండిన నిరుపేద వృద్ధులకు నెలకు 75 రూపాయలతో పింఛను మొదలుపెట్టింది. 2011లో వయసును 60కి తగ్గించింది. 80 నిండనివారికి కేంద్రం వాటా ఇప్పటికీ 200 రూపాయలే. తెలంగాణ వచ్చాక 2014 నవంబరు 8న, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరులో ఆసరా పింఛను పథకం 1,000 రూపాయలతో మొదలైంది. 2019లో అది 2,016 అయింది. 65 ఏళ్ల అర్హతను 57కి తగ్గిస్తామన్న 2018 హామీ 2022 ఆగస్టులో అమలైంది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ 4,000 ఇస్తామని హామీ ఇచ్చింది.

ఇక్కడ రిటైర్మెంటు అన్న నిర్ణయమే లేదు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం పని, ఆధార్ కార్డులో 57 కనబడితే పింఛను. ఇంట్లో భార్యాభర్తల్లో ఒక్కరికే వృద్ధాప్య పింఛను కాబట్టి ఎవరి పేరు పెట్టాలన్నది ఒక్కటే వాళ్లు తేల్చుకోవాల్సింది. ఆధార్ తీసేటప్పుడు పుట్టిన తేదీ కాగితం లేని వలస కూలీలకు జనవరి 1 అని, ఏదో ఒక సంవత్సరం వేసి పంపారు. అందులో ఐదేళ్లు తక్కువ పడితే ఐదేళ్లు పింఛను ఆలస్యం. సరిచేసుకోవాలంటే మళ్లీ ఆధారం కావాలి. ఊరి బడిలో పాత అడ్మిషన్ రిజిస్టరు దొరికితే అందులోని తేదీ పనికొస్తుంది. బడి ముఖమే చూడనివారికి ఆ దారి కూడా లేదు. వాళ్ల కోసం గ్రామసభలోనే వయసు తేల్చే పద్ధతి పెట్టడం ప్రభుత్వానికి అంత కష్టమైన పనేమీ కాదు.