కడుపులో కొవ్వు వాచినా సీటీలో కనిపిస్తుంది

మన వరంగల్ వైపు కడుపులో కుడిపక్క కింద నొప్పి లేచిందంటే ఇంట్లో పెద్దవాళ్ళు మొదట అనే మాట, "ఇరవైనాలుగు గంటల నొప్పేమో, ఆపరేషనే ఇగ." అపెండిక్స్ అయితే ఆ భయం సరైనదే, ఆలస్యం చేయొద్దు. కానీ అదే చోట, అదే తీరుగా సతాయించేది ఇంకొకటుంది, దానికి చాలాసార్లు ఆపరేషన్ అక్కర్లేదు. అది కడుపులోని కొవ్వుకు వచ్చే వాపు.

పెద్దపేగు పొడవునా కొవ్వు నిండిన చిన్న తిత్తులు 50 నుంచి 100 దాకా వేలాడుతుంటాయి. అందులో ఒకటి మెలిపడినా, దాని రక్తనాళంలో గడ్డ కట్టినా, రక్తం ఆడక వాస్తుంది. డాక్టర్లు దీన్ని ఎపిప్లోయిక్ అపెండజైటిస్ అంటారు. ఎడమపక్కే ఎక్కువ, కుడిపక్క వస్తేనే అపెండిక్స్ అని పొరపడతాం. నొప్పి వేలు పెట్టి చూపించేంత ఒక్కచోటే ఉంటుంది, జ్వరం, వాంతులు పెద్దగా ఉండవు. అయినా చేత్తో నొక్కి చూసి తేల్చడం అనుభవమున్న సర్జన్‌కు కూడా కష్టమే.

సీటీ స్కాన్ ఇక్కడే పనికొస్తుంది. ఎక్స్‌రేలను ఏది ఎంత ఆపుతుందో సీటీ అంకెల్లో కొలుస్తుంది: నీళ్ళకు 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు సుమారు మైనస్ 100. అంకె తగ్గేకొద్దీ బొమ్మలో నలుపు పెరుగుతుంది. అందుకే వాపు లేని కొవ్వు ఫిల్ములో నల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది, అవయవాలను విడదీసి చూపించేదీ అదే, బాగా బక్కగా ఉన్నవాళ్ళ సీటీ చదవడం కష్టమయ్యేది అందుకే. వాపు వస్తే కొవ్వులోకి నీరు, కణాలు చేరి అంకె పైకి జరుగుతుంది, నలుపు కాస్తా మసకబారి గీతలు పడుతుంది. పేగు పక్కన 5 సెంటీమీటర్లలోపు కోడిగుడ్డు ఆకారంలో కొవ్వు ముద్ద, చుట్టూ తెల్లటి అంచు, ఒక్కోసారి మధ్యలో చుక్క (గడ్డకట్టిన నాళం), దగ్గర్లో అపెండిక్స్ మామూలుగా ఉంటే ఇక తేలిపోయినట్టే. నొప్పి మాత్రలతో వారం, రెండు వారాల్లో ఎక్కువమందికి తగ్గిపోతుంది. ఒక్క స్కాన్‌తో అనవసరమైన కోత తప్పడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

కొవ్వు వాపులోనే ఇంకో రకం మెసెంటెరిక్ పానిక్యులైటిస్. ఇది చిన్నపేగును పట్టి ఉంచే పొరలోని కొవ్వు వాపు. చాలాసార్లు వేరే దేనికోసమో తీసిన సీటీలో బయటపడుతుంది, రిపోర్టులో ఆ పేరు చూడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. రక్తనాళాల చుట్టూ మసక, ఆ మసకలోనే నాళాన్ని ఆనుకుని శుభ్రమైన కొవ్వు వలయం, ఇవి దాని గుర్తులు. బాధ లేకపోతే ఎక్కువమందికి మందులే అవసరం పడవు. అయితే లింఫోమా అనే క్యాన్సర్ కూడా ఇలాగే కనిపించొచ్చు, కాబట్టి లింఫ్ గ్రంథులు (రోగనిరోధక కణాలుండే చిన్న బిళ్ళలు) సెంటీమీటరు దాటినా, బరువు తగ్గుతున్నా డాక్టర్ చెప్పిన తదుపరి పరీక్షలు మానొద్దు.

ప్రతి కడుపునొప్పికీ సీటీ అడగడమూ తప్పే. ఒక్క పొట్ట సీటీలో రెండు మూడేళ్ళలో ప్రకృతి నుంచి మనకు తగిలేంత రేడియేషన్ ఉంటుంది, పిల్లలకు, గర్భిణులకు ముందు అల్ట్రాసౌండే. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (స్కాన్‌లో నాళాలు, అవయవాలు తేటగా కనిపించేందుకు ఇచ్చే మందు) ఇచ్చేముందు కిడ్నీ జబ్బు ఉంటే తప్పక చెప్పాలి. ములుగు, భూపాలపల్లి నుంచి హన్మకొండకు చూపించుకోను వచ్చేవాళ్ళు రిపోర్టు కాగితమొక్కటే కాకుండా పాత ఫిల్ములు, సీడీ కూడా తెచ్చుకోండి. మసక పెరిగిందా తగ్గిందా అన్నది పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తేనే రేడియాలజిస్టు చెప్పగలిగేది.