క్లోనింగ్‌లో చిక్కు జన్యువుల్లో లేదు

1996 జులై 5న స్కాట్లండ్‌లోని రోజ్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో క్లోనింగ్ ద్వారా, అంటే ఒక శరీరకణం నుంచి అచ్చు అలాంటి జీవినే పుట్టించే పద్ధతిలో, డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది. ఆ ఒక్క గొర్రెపిల్ల కోసం కేంద్రకం తీసేసిన 277 అండాలకు పొదుగు కణాలను జతచేశారు. గర్భంలో పెట్టడానికి పనికొచ్చిన పిండాలు 29. వాటిని 13 గొర్రెల్లో పెడితే ఒక్కటే ఈనింది. తర్వాత ఆవులు, మేకలు, పందులు, గేదెలు కూడా ఈ పద్ధతిలో పుట్టాయి. అయినా ఇప్పటికీ గర్భంలో పెట్టిన క్లోన్ పిండాల్లో చాలావాటికి పుట్టే యోగం లేదు.

చర్మకణంలోనైనా పొదుగు కణంలోనైనా పశువు మొత్తానికి కావలసిన జన్యువులున్నాయి. కాకపోతే చర్మకణం చర్మంగానే ఉండాలి కాబట్టి, తనకు అక్కర్లేని జన్యువులను మూసిపెట్టుకుంటుంది. డీఎన్ఏ మీద మిథైల్ అనే రసాయన గుర్తులు వేసి, హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ బిగించి ఉంచుతుంది. అండం ఇదంతా విప్పాలి. వీర్యకణం తెచ్చే డీఎన్ఏ ఈ మార్పుకి సిద్ధపడే వస్తుంది, శరీరకణానిది అలా కాదు. టైమ్ కూడా తక్కువే. ఆవు పిండం ఎనిమిది, పదహారు కణాల దశకు వచ్చేసరికి సొంత జన్యువులతో నడవాలి. కీలకమైనవి అప్పటికీ మూసుకునే ఉంటే ఎదుగుదల ఆగిపోతుంది.

కణం ఏ దశలో ఉందన్నదీ ముఖ్యమే. పక్వమైన అండంలోని ప్రోటీన్లు కేంద్రకపు పొరను కరిగించి క్రోమోజోములను దగ్గరకు ముడుస్తాయి. కణం డీఎన్ఏను సగం నకలు చేసి ఉన్నప్పుడు ఇలా జరిగితే క్రోమోజోములు దెబ్బతింటాయి. అందుకే రోజ్లిన్ బృందం కణాలకు సీరం (కణాలు పెరగడానికి వాడే రక్తద్రవం) తగ్గించి, విభజన ఆపించి, ఆ తర్వాతే వాడింది. అండం సరిగ్గా పక్వం కాకపోయినా, మరీ ముదిరిపోయినా ఈ శ్రమంతా వృథానే.

నా దృష్టిలో అసలు పరీక్ష మాయ (ప్లసెంటా) దగ్గర ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మామూలు ఆవుకు మొదటి నెలలు గడిస్తే చూడి సాధారణంగా నిలుస్తుంది. క్లోన్ చూడి ఆఖరి నెలల్లోనూ పోవచ్చు. మాయను గర్భాశయానికి అతికించే గుత్తులు కొన్నే ఏర్పడి, అవి విపరీతంగా ఉబ్బుతాయి. రక్తనాళాలు సరిగ్గా అల్లుకోవు, నీరు చేరుతుంది. కొన్ని దూడలు అతి పెద్దవై ఈత కష్టమవుతుంది, పుట్టాక ఊపిరి అందక చనిపోయేవీ ఉన్నాయి. తల్లి ఆవు ప్రాణానికీ ముప్పే. ఆ జీవి పడే బాధను లెక్కలోకి తీసుకోకుండా సక్సెస్ రేటు గురించి మాట్లాడటం నాకు సరిగా అనిపించదు.

ఎందుకిలా? కొన్ని జన్యువుల్లో తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి వేర్వేరు గుర్తులతో ఉంటాయి. మాయ, పిండం ఎంత పెరగాలో నిర్ణయించేవాటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి. చర్మకణపు గుర్తులు చెరిగిపోవాలి, ఈ గుర్తులు మాత్రం చెక్కుచెదరకూడదు. ఒకే అండం ఒకేసారి ఈ రెండు పనులూ చేయాలి. గుర్తులు తొలగించే ఎంజైములను, మందులను జోడించి చైనాలో కోతులను క్లోన్ చేయగలిగినట్టు 2018లో ప్రకటించారు. అయితే చెరపడాన్ని పెంచే మందు, ఉండాల్సిన గుర్తులను కాపాడుతుందన్న హామీ లేదు.

క్లోన్ పశువులు మామూలుగా జతకట్టి కన్న పిల్లల్లో ఈ లోపాలు కనిపించవు. వాటి అండాలు, వీర్యకణాలు తయారయ్యేటప్పుడు పాత గుర్తులన్నీ చెరిగి కొత్తవి పడతాయి.